ఇద్దరు హ్యూలను ఒక్కరిని చేసిన బొత్తం

ఆరేళ్లుగా ఒకే వంశవృక్షం ప్రోగ్రాంలో 12, 13 శతాబ్దాల ఫ్రాన్స్, ఇంగ్లండ్ ప్రభు కుటుంబాలను నమోదు చేసుకుంటున్నాను. పెట్టెలు, గీతలు, ముద్రణ అన్ని ప్రోగ్రాముల్లోనూ ఉండేవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా కోపమంతా ఒకే మనిషి రెండుచోట్ల నమోదైతే కలిపేసే బొత్తం మీద.

మొదటి ఏడాది దాన్ని కనబడ్డవారందరికీ పొగిడాను. అక్విటేన్ ఎలియనోర్ పేరు ఒక్కో ఆధారంలో ఒక్కోలా ఉంటుంది, పుట్టిన ఏడాది ఒకచోట 1122, మరోచోట 1124. నా దగ్గర ఆమె నాలుగు పెట్టెలై కూర్చుంది. 1137లో ఫ్రాన్స్ ఏడో లూయీతో, 1152లో తరువాత ఇంగ్లండ్ రాజైన రెండో హెన్రీతో జరిగిన పెళ్లిళ్లను బట్టి ప్రోగ్రాం నలుగురినీ ఒక్కరిగా పట్టేసింది. నాకు ఎన్నో సాయంత్రాలు మిగిలాయి.

ఆ తరువాత లుసిన్యాన్ వంశం దగ్గరికి వచ్చాను. పొయతూ ప్రాంతపు ఆ ప్రభువుల్లో మొదటి హ్యూ నుంచి పదమూడో హ్యూ వరకు ఉన్నారు. అంగులేమ్ ఇసబెల్లాను తొమ్మిదో హ్యూకు ఇస్తామని మాట ఇచ్చారు. 1200 ఆగస్టులో ఇంగ్లండ్ రాజు జాన్ ఆమెను పెళ్లాడాడు. లుసిన్యాన్‌వారు ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్‌కు మొరపెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లోని భూములకు జాన్ ఫిలిప్ సామంతుడే. విచారణకు పిలిచినా జాన్ రాలేదు. 1202లో అతని ఫ్రెంచ్ భూములు జప్తు చేస్తున్నట్టు ప్రకటించారు, 1204కల్లా నార్మండీ చేజారింది. జాన్ పోయాక, 1220లో ఇసబెల్లా తొమ్మిదో హ్యూ కొడుకు పదో హ్యూను చేసుకుంది. అతను అప్పటిదాకా ఆమె కూతురు జోన్‌కు కాబోయే భర్త!

ఈ ప్రోగ్రాంలో నిశ్చితార్థానికి వేరే గడి లేదు. పెళ్లిగా రాసి, పక్కన వివరణ పెట్టుకోవాలి. నేనూ అలాగే రాశాను. దాంతో లా మార్ష్ (ఆ వంశం ఏలిన మరో ప్రాంతం) ప్రభువు హ్యూ, భార్య ఇసబెల్లా అని రెండు పెట్టెలు కనబడేసరికి ఇద్దరూ ఒక్కరే అని ఆకుపచ్చ గుర్తు చూపించింది. ఎలియనోర్ విషయంలో కుదిరిన నమ్మకంతో నొక్కేశాను.

మూడు వారాల తరువాత తెరిస్తే పదో హ్యూ తనకు తానే తండ్రి. తొమ్మిదో హ్యూ 1219లో ఈజిప్టులోని దమియెట్టా దగ్గర క్రూసేడ్‌లో చనిపోయాడు. ఆ తేదీ కలిసిన పెట్టెకు అంటుకోవడంతో, 1220 తరువాత పుట్టిన ఇసబెల్లా పిల్లలందరూ తండ్రి పోయాక పుట్టినవారై ఎర్రగా మెరుస్తున్నారు. వెనక్కి తీసుకుందామంటే, ప్రోగ్రాం మూసేశాక ఆ వీలు లేదు. ఇద్దరి కింద రాసుకున్న వివరణలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పాత నకలు పక్కన పెట్టుకుని నాలుగు ఆదివారాలు విడదీశాను. తండ్రికి దక్కని పిల్లను కొడుకు చేసుకోవడమే ఆ కథకు ప్రాణం. సరిగ్గా దాన్నే ఈ బొత్తం తుడిచేసింది.

బంధుత్వం వెతికే సదుపాయం మాత్రం ఇప్పటికీ నాకు ఇష్టం. ఏడో లూయీ తన కూతుళ్లు మారీ, అలిక్స్‌లను షాంపేన్ ప్రభు కుటుంబపు అన్నదమ్ములకు ఇచ్చాడు, వాళ్ల చెల్లెలు అడెలాను 1160లో తాను చేసుకున్నాడు. అల్లుళ్లే బావమరుదులు! రెండు దారులూ తెరమీద పక్కపక్కన కనిపిస్తాయి. అయితే ఎన్ని తరాల లోపు బంధువులు పెళ్లాడకూడదో చర్చి పద్ధతిలో లెక్కించదు. 1215 వరకు ఏడు, తరువాత నాలుగు అనే ఆ లెక్క నేనే కాగితం మీద వేసుకుంటాను.

ఇందులో నావి 3,800 మంది ఉన్నారు, వివరణలు చెడకుండా మరో ప్రోగ్రాంకు తరలించే ఓపిక నాకు లేదు. అందుకే ఉంటున్నాను. సొంత కుటుంబం మూడు నాలుగు తరాలు రాసుకునేవారికి ఈ చిక్కు రాకపోవచ్చు. తాత పేరు మనవడికి పెట్టే ఇల్లయితే మాత్రం ఆకుపచ్చ గుర్తును చూసి తొందరపడకండి. నేను తొమ్మిదో హ్యూ పేరులోనే ‘దమియెట్టా, 1219’ అని చేర్చాను. అప్పటి నుంచి అతన్ని కొడుకుతో కలపమని అడగలేదు. పదకొండో హ్యూను పన్నెండో హ్యూతో కలపమని నిన్న అడిగింది.