అమిగా స్వరాలకు పట్టిక మేలా, సూత్రం మేలా?

కడపలో భజనకు వాయించే హార్మోనియం పక్కన పాత అమిగా కంప్యూటర్‌లో ట్రాకర్ (స్వరాలను అంకెల వరుసలుగా పేర్చి పాట కట్టే ప్రోగ్రామ్)తో కట్టిన పాటను పెట్టి వాయించాలంటే మొదట తేల్చుకోవలసింది ఇది: ఒక్కో స్వరానికి శాంపిల్ రేటును (శబ్దాన్ని దాచిన అంకెలను సెకనుకు ఎన్ని చొప్పున వాయించాలో దాన్ని) పట్టికలో చూసుకోవాలా, సూత్రంతో కట్టుకోవాలా?

అమిగాలో శబ్దం పుట్టించే పౌలా చిప్‌కు నేరుగా రేటు చెప్పలేం. పీరియడ్ అనే అంకె ఇవ్వాలి. క్లాక్ వేగాన్ని ఆ అంకెతో భాగిస్తే సెకనుకు ఎన్ని శాంపిళ్లో వస్తుంది. ట్రాకర్ పట్టికలో మధ్య వరుస సి స్వరానికి 428, పై స్థాయి సి స్వరానికి 214. సూత్రమైతే ఒక్కో అర్ధస్వరం పైకి వెళ్లినప్పుడల్లా 1.05946తో భాగించమంటుంది. అలా చేస్తే బి దగ్గర 226.7 వస్తుంది. పట్టికలో 226 ఉంది. అర్ధస్వరాన్ని వంద సెంట్లు అనుకుంటే తేడా అయిదారు సెంట్లు. పాత పాటలకు పట్టికనే వాడాలి. స్వరకర్తలు ఆ అంకెలనే విని పాట కట్టారు, ఇప్పుడు దిద్దడం అనవసరమైన పెద్దరికం. పాటలు వాయించే ప్రోగ్రామ్‌ను కొత్తగా రాస్తుంటే మాత్రం సూత్రం మేలు, భిన్నాలనూ నిలుపుకోవచ్చు.

నిజానికి ఈ తగవు చిన్నది. అసలు తేడా క్లాక్‌లో ఉంది. అమిగాలు రెండు టీవీ పద్ధతులకు తగ్గట్టు వచ్చాయి: పాల్ (PAL), ఎన్‌టీఎస్‌సీ (NTSC). పాల్ అమిగాలో క్లాక్ సెకనుకు సుమారు 35,46,895, ఎన్‌టీఎస్‌సీలో 35,79,545. అంటే 428 దగ్గర రేటు ఒకదానిలో 8287, మరోదానిలో 8363. దాదాపు 16 సెంట్ల ఎడం! పాట ఒంటరిగా మోగితే అన్ని స్వరాలూ కలిసే జరుగుతాయి కాబట్టి ఎవరికీ పట్టదు. హార్మోనియం పక్కన చేరితేనే గుట్టు బయటపడుతుంది. 32 బైట్లలో ఒక్క తరంగాన్ని గీసి 428తో వాయించి చూడండి. పాల్‌లో 259 హెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీలో 261.4. ‘ఏ’ (A) అనే స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు సరిచేసిన హార్మోనియంలో ఒకటో శ్రుతి, అంటే సి, 261.6. పాల్ స్వరం దాని పక్కన సెకనుకు రెండు మూడుసార్లు ఊగుతుంది, రెండోది దాదాపు కలిసిపోతుంది.

మన పాత టీవీలు పాల్ పద్ధతివి కదా అని ఎమ్యులేటర్‌నూ (ఇప్పటి కంప్యూటర్‌లో అమిగాలా నడిచే ప్రోగ్రామ్‌నూ) పాల్‌లోనే ఉంచేవారుంటారు. పాల్ యంత్రాలపై పుట్టిన పాట వినడానికి అదే సరి. హార్మోనియంతో కలపడానికి మాత్రం ఎన్‌టీఎస్‌సీ క్లాకే మేలు, శాంపిల్‌ను 8363 రేటుకు మార్చి పెట్టుకోవాలి. పాడేవారు రెండున్నర శ్రుతి (డి షార్ప్) అడిగితే పీరియడ్‌గా 360 ఇవ్వండి. అక్కడ పట్టికా సూత్రమూ ఒకే మాట చెబుతాయి.