205/55 ఆర్16 టైర్లు: గుంతల్లో మెత్తగా, మలుపుల్లో గట్టిగా ఉండేది ఏది?

వెర్నా, స్లావియా, వర్టస్ పై మోడళ్లకు వచ్చే టైరు సైజు 205/55 ఆర్16. ఈ కార్లు కొన్నవాళ్లలో చాలామందికి ఇప్పుడు మొదటి సెట్టు మార్చే వేళయింది. టైర్ల షాపులో అడుగుపెట్టగానే "ఏ కంపెనీ వేయమంటారు?" అని అడుగుతారు. కంపెనీ సంగతి తర్వాత. కారు మెత్తగా పోతుందా, మలుపులో నిలబడుతుందా అన్నది సగం దాకా టైరు పక్కన అచ్చేసిన అంకెల దగ్గర, లోపల కొట్టించే గాలి దగ్గరే తేలిపోతుంది. అందుకని ముందు ఆ అంకెలు చూద్దాం.

205 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. అందులో 55 శాతం పక్క గోడ ఎత్తు, లెక్కకడితే 113 మి.మీ. 16 అంటే రిమ్ము అంగుళాలు. కారుకు మొట్టమొదటి షాకబ్జార్బర్ ఈ 113 మి.మీ. రబ్బరు గోడే. గుంతలో పడగానే ముందు అది నలిగి, మిగిలిన దెబ్బను స్ప్రింగుకు పంపుతుంది. అదే గోడ మలుపులో పక్కకు వాలిందంటే, స్టీరింగ్ తిప్పాక కారు ముక్కు తిరగడానికి రవ్వంత ఆలస్యమవుతుంది. సుఖానికీ పట్టుకూ తగువు వచ్చేది ఇక్కడే. గోడ మెత్తగా ఉంటే ప్రయాణం హాయి, బిగువుగా ఉంటే స్టీరింగ్ చురుకు. మంచి టూరింగ్ టైరులో (దూర ప్రయాణాల సుఖానికి చేసేది) రిమ్ము దగ్గర గట్టి రబ్బరు పెట్టి, పైకి వచ్చేకొద్దీ గోడను నలిగేలా కడతారు. ధరలో తేడాకు ఇదొక పెద్ద కారణం.

సైజు పక్కనే ఉండే 91వి, 94డబ్ల్యూ అన్నవి చాలామంది చూడరు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదని, 94 అంటే 670 కిలోలని. వి అంటే గంటకు 240 కి.మీ., డబ్ల్యూ అంటే 270 కి.మీ. దాకా తట్టుకుంటుందని. 94 రాసి ఉన్న టైరు మీద ఎక్స్‌ఎల్ అని కూడా కనిపిస్తుంది. అంటే పక్క గోడను మరింత బిగించి కట్టారన్నమాట. "అంకె పెద్దది సార్, స్ట్రాంగు" అని అమ్ముతారు. అయిదుగురు ఎక్కి డిక్కీ నింపినా ఈ సెడాన్లు దాదాపు 1,700 కిలోల దగ్గరే ఆగుతాయి. నాలుగు 91 టైర్లు కలిసి 2,460 కిలోలు మోస్తాయి. ఎక్స్‌ఎల్ వేయిస్తే స్టీరింగ్ కొంచెం పదునెక్కుతుంది కానీ, కాలనీలో ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకు తెలుస్తుంది. కారుకు కంపెనీ 91వి చెప్పి ఉంటే అదే తీసుకోండి. అంతకన్నా తక్కువ లోడు అంకె మాత్రం ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు.

ఇక టైర్ల విషయానికి వద్దాం.

మిషలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ ఈ సైజులో సుఖానికి మొదటి పేరు. సిమెంటు రోడ్డు మీద కూడా క్యాబిన్‌లోకి రొద తక్కువగా వస్తుంది. దీని గాడులు అడుగుదాకా వెడల్పు తగ్గకుండా కోసి ఉంటాయి. అందుకే సగం అరిగాక కూడా నీళ్లను బయటికి తోసే శక్తి బాగా మిగులుతుంది. కొత్త టైరు వానలో ఎలా ఆగుతుందో అందరూ చెబుతారు, ముప్ఫై వేల కిలోమీటర్ల తర్వాత ఎలా ఆగుతుందన్నదే అసలు పరీక్ష. స్టీరింగ్ మాత్రం కొంచెం నిదానం. అనంతగిరి ఘాట్‌లో వరసగా కుడి ఎడమ మలుపులు తీసుకుంటుంటే ఆ వాలు తెలుస్తుంది. పట్టు తప్పదు, జవాబు ఒక క్షణం ఆగి వస్తుందంతే. వెనక సీట్లో పెద్దవాళ్లు, పిల్లలు కూర్చునే కారుకు ఇంతకన్నా మంచి టైరు వెతకక్కర్లేదు.

యొకొహామా బ్లూఎర్త్ జీటీ ఏఈ51 రెండింటికీ మధ్య సరిగ్గా నిలబడే టైరు. దీని ట్రెడ్డు (రోడ్డును తాకే గాడుల భాగం) రెండు పక్కలా ఒకేలా ఉండదు. మలుపులో బరువంతా పడే బయటి అంచున బ్లాకులు దిట్టంగా ఉంటాయి. స్టీరింగ్ తిప్పితే కారు వెంటనే అందుకుంటుంది, హైవే మీద నూరు వేగంలో లేను మారినా వెనక భాగం ఊగిసలాడదు. చిన్న చిన్న గతుకులు ప్రైమసీ కంటే ఒక పిసరు ఎక్కువ తెలుస్తాయి, పెద్ద గుంతల్లో తేడా దాదాపు ఉండదు. కారు నడపడమంటే ఇష్టపడుతూ ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్లకు మా ఓటు దీనికే.

బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా 6ఐ ప్రైమసీ వైపు మొగ్గే టైరు, నిశ్శబ్దం, నిదానం. గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ ట్రిపుల్‌మ్యాక్స్ 2 తడి రోడ్డు బ్రేకింగ్ మీద దృష్టి పెట్టి చేసినది, ఆ పని బాగా చేస్తుంది. అపోలో యాస్పైర్ 4జీ ధరకు మించిన పట్టు ఇస్తుంది. దాని గోడ కాస్త గట్టి కాబట్టి గాలి విషయంలో జాగ్రత్త పడాలి, రెండు పీఎస్‌ఐ ఎక్కువైనా కుదుపు తెలిసిపోతుంది. అదే కంపెనీ అమేజర్ 4జీ లైఫ్ ఎక్కువ కిలోమీటర్లు రావాలని చేసిన టైరు. రోజంతా తిరిగే టాక్సీకి సరే. పట్టు కావాలని వచ్చినవాళ్లు దాని జోలికి పోవద్దు. గట్టి రబ్బరు నెమ్మదిగా అరుగుతుంది, తడి రోడ్డును అంత బాగా పట్టుకోదు. ఆ రెండూ ఒకే చోట దొరకడం కష్టం.

పైలట్ స్పోర్ట్ 4 లాంటి స్పోర్ట్స్ టైర్లు పట్టులో వీటన్నిటినీ దాటేస్తాయి. కానీ త్వరగా అరుగుతాయి, ఎక్కువగా ఎక్స్‌ఎల్‌లోనే వస్తాయి. మన ఊళ్ల గుంతలకు ఆ బిగువు గోడ రోజూ శిక్షే.

మన దేశపు వాహన ప్రమాణం ఏఐఎస్-142 కింద టైర్లకు మూడు పరీక్షలు చేస్తారు: దొర్లేటప్పటి నిరోధం, తడి రోడ్డు మీద పట్టు, బయటికి వచ్చే శబ్దం. నక్షత్రాల లేబుల్ చెప్పేది ఇంధన పొదుపు ఒక్కటే. స్టీరింగ్ చురుకుదనం, కుదుపు ఏ లేబుల్‌ మీదా ఉండవు. నక్షత్రాలు ఎక్కువున్నాయని మెత్తగా ఉంటుందనుకోవద్దు.

కొత్త టైర్లు వేయించకముందే ఒక పరీక్ష చేసుకోండి. హైదరాబాద్‌లో ఉంటే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కండి. 11.6 కి.మీ. పొడవునా వరసగా జాయింట్లు వస్తాయి. గంటకు 60 దగ్గర నిలిపి, అద్దాలు ఎక్కించి, పాటలు ఆపి వినండి. జాయింటు మీద "ధబ్" మని ఒక్క మెత్తటి చప్పుడు వచ్చి కారు అక్కడికక్కడే సర్దుకుంటే అంతా బాగున్నట్టు. "ఠక్" మని స్టీరింగులో కొడితే గాలి ఎక్కువైంది, లేదా రబ్బరు ముదిరి గట్టిపడింది. చప్పుడు తర్వాత కారు ఇంకోసారి పైకి లేచి పడితే తప్పు షాకబ్జార్బర్‌ది. "కట్ కట్" అని లోహపు చప్పుడు తోడైతే సస్పెన్షన్‌లోని లోయర్ ఆర్మ్ బుష్షో, లింక్ రాడ్డో చూపించుకోవాలి. ఈ చివరి రెండు కేసుల్లో ఎంత ఖరీదైన టైరు వేసినా సుఖం రాదు, డబ్బులు వృథా. "గుంయ్" అని ఎడతెగని మోత వస్తుంటే అది అలలు అలలుగా అరిగిన టైరైనా కావచ్చు, వీల్ బేరింగైనా కావచ్చు. ఖాళీ రోడ్డు మీద కారును మెల్లగా కుడికీ ఎడమకూ వాల్చినప్పుడు మోత పెరిగి తగ్గితే బేరింగు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి రాగానే మోత మారితే టైరు.

సైజు మార్చాలని కూడా చాలామందికి ఉంటుంది. 205/55 ఆర్16 మొత్తం ఎత్తు 632 మి.మీ. 205/60 ఆర్16 వేస్తే గోడ 10 మి.మీ. పెరుగుతుంది, మెత్తగానూ ఉంటుంది. కానీ మొత్తం ఎత్తు 652 అవుతుంది, అంటే 3 శాతం పైగా ఎక్కువ. మీటరు నూరు చూపిస్తుంటే కారు అంతకన్నా ఎక్కువ వేగంలో పోతుంటుంది. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనరుకు రాసుకునే ప్రమాదమూ ఉంది. 17 అంగుళాల అల్లాయ్‌తో 205/50 వేస్తే గోడ 102 మి.మీ.కు పడిపోతుంది. చూపుకు బాగుంటుంది, గుంతలో రిమ్ము వంగుతుంది. నిజంగా సుఖమే ముఖ్యమైతే దారి ఇంకొకటి ఉంది. స్లావియా కింది మోడల్‌కు కంపెనీయే 195/65 ఆర్15 ఇచ్చింది. దాని గోడ 127 మి.మీ., మొత్తం ఎత్తు 634, మీటరుకు తేడా రాదు. బ్రేకు క్యాలిపర్‌కు 15 అంగుళాల రిమ్ము తగలదని బిగించి చూసుకున్నాకే దిగండి.

షాపులో టైరు రిమ్ముకు ఎక్కించకముందే తయారీ తేదీ చూడండి. టైరు పక్కన ఉండే డాట్ (DOT) అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 3525 అంటే 2025లో 35వ వారం. ఈ నాలుగంకెలు చాలా టైర్లలో ఒక పక్కే ఉంటాయి. అది లోపలి వైపు పోయిందంటే బిగించాక కారు కిందికి దూరాల్సిందే. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, చిన్నపండూరులో అపోలో ఫ్యాక్టరీలున్నంత మాత్రాన మన షాపుకు తాజా సరుకే వస్తుందనుకోవద్దు, గోడౌన్‌లో ఏడాదిన్నర పడి ఉన్నవీ వస్తాయి. నాలుగింటి తేదీలూ చూసి, ఏడాది దాటినవి వెనక్కి పంపండి. బిల్లులో 18 శాతం జీఎస్టీయే ఉందేమో చూడండి. 2025 సెప్టెంబరు 22కు ముందు అది 28 శాతం, పాత కొటేషన్లతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఎక్కించేటప్పుడు ట్యూబ్‌లెస్ వాల్వులు కొత్తవి వేయమనండి. పాత రబ్బరు వాల్వు ఎండకు పగిలి హైవే మీద గాలి వదిలేస్తుంది, కొత్తదానికి అయ్యే ఖర్చు లెక్కలోది కాదు. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలిక భాగం, దాన్ని వాల్వు దగ్గరికి తెస్తే బ్యాలెన్సింగుకు తక్కువ సీసం పడుతుంది. ఒక్క చక్రానికే 60 గ్రాములు దాటి అతికిస్తున్నారంటే ఆపించి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. అప్పటికీ తగ్గకపోతే రిమ్ము వంగిందో, టైరు బాగాలేదో తేల్చుకోవాలి. ఏఈ51 లాంటి వాటి మీద "ఔట్‌సైడ్" అని ఉంటుంది. నాలుగింటికీ ఆ అక్షరాలు బయటికే కనపడాలి. తొందరలో ఒకటి తిప్పి బిగిస్తే మలుపులో పట్టు తగ్గుతుంది, దిట్టమైన బ్లాకులు లోపలి వైపుకు పోతాయి కాబట్టి.

గాలి దగ్గర జరిగే తప్పు ఇంకా పెద్దది. టైరు మీద రాసి ఉండే గరిష్ఠ పీఎస్‌ఐ అది తట్టుకునే హద్దు. మీరు కొట్టించాల్సింది డ్రైవర్ డోరు పక్కనో పెట్రోలు మూత లోపలో అంటించిన స్టిక్కరు మీది అంకె. షాపుల్లో అడగకుండానే 36, 38 కొట్టేస్తారు. అలా కొట్టించుకుని "ఈ టైరు గట్టిగా ఉంది" అని తిట్టుకునేవాళ్లు చాలామంది. చల్లగా ఉన్న టైరులోనే కొలవాలి. పది కిలోమీటర్లు నడిపి వచ్చాక 33 పెట్టించుకుంటే, తెల్లారి చూస్తే 30 దగ్గర ఉంటుంది. ఆ తక్కువ గాలితో గుంతలో పడితే గోడ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, మర్నాడు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తుంది. ఉబ్బిన టైరుకు రిపేరు లేదు, తీసేయాల్సిందే. నైట్రోజన్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు, మామూలు గాలిలోనే అది 78 శాతం.

రెండు టైర్లే కొంటే కొత్తవి వెనక వేయించండి. ఇంజను ముందుంది, స్టీరింగ్ ముందుంది, కొత్తవి ముందే వేయాలని షాపువాళ్లు వాదిస్తారు. వాన నీటిలో ముందు టైర్లు తేలితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే పట్టు తిరిగొస్తుంది. వెనకవి తేలితే కారు గిర్రున తిరుగుతుంది, అప్పుడు డ్రైవరు చేయగలిగింది చాలా తక్కువ. గాడి లోతు చట్టం ప్రకారం 1.6 మి.మీ. దాకా తగ్గవచ్చు, కానీ 3 మి.మీ.కు దిగాక వానాకాలం లోపే మార్చేయడం క్షేమం.

అలైన్‌మెంట్ చేయించినా కారు ఎడమకు లాగుతుంటే ముందు రెండు చక్రాలను అటూ ఇటూ మార్చి చూడండి. లాగుడు కుడికి మారితే తప్పు టైరులోనే ఉంది, షాపువాడు మార్చి ఇవ్వాలి. మారకపోతే మళ్లీ అలైన్‌మెంట్, బ్రేకు చూపించాలి.

మొదటి 300 కి.మీ. మెల్లగా నడపండి. కొత్త టైరు పైన అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన పూత ఉంటుంది, అది పోయేదాకా తడి రోడ్డు మీద జారుతుంది. ఎనిమిది మి.మీ. కొత్త బ్లాకులు కాస్త కదులుతాయి కాబట్టి మొదట్లో స్టీరింగ్ మెత్తగా అనిపిస్తుంది, వెయ్యి కిలోమీటర్ల లోపు సర్దుకుంటుంది. అప్పటిదాకా ఏ టైరు మీదా తీర్పు ఇవ్వొద్దు. బోల్టులు గాలి గన్నుతో చివరిదాకా బిగించనివ్వకండి, డిస్కు వంకరపోయి బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. చివరి బిగింపు టార్క్ రెంచీతో చేయాలి, వర్టస్‌కైతే 120 న్యూటన్ మీటర్లు. నూరు కిలోమీటర్లు తిరిగాక అదే రెంచీతో ఇంకోసారి చూపించుకోండి.