ఆటోనగర్ మేస్త్రి గారు బండి రాత్రంతా ఉంచుకుని, పొద్దున్నే జబ్బు కనిపెట్టారు

విజయవాడ ఆటోనగర్‌లోని ఈ కారు రిపేరు షెడ్డుకి నన్ను పంపింది మా బడి వ్యాన్ డ్రైవరు. పని చేయించి నెల దాటింది. పొద్దున్నే ఇంజిన్లో వచ్చే శబ్దం మళ్లీ రాలేదని ఖాయం చేసుకున్నాకే రాస్తున్నాను.

నాది 2014 పెట్రోలు కారు, 1200 సీసీ, 86 వేల కిలోమీటర్లు తిరిగింది. పోరంకి నుంచి ఉయ్యూరు బడికి రోజూ నేనే నడుపుకుంటూ వెళ్తాను. సంక్రాంతి సెలవుల తర్వాత మొదలైంది. పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజిన్ అందుకునేది, వెంటనే రేకు డబ్బాలో మేకులేసి ఊపినట్టు మూడు నాలుగు సెకన్లు గలగల, ఆ తర్వాత మామూలే. సాయంత్రం బడి దగ్గర స్టార్టు చేస్తే ఆ చప్పుడు ఉండేది కాదు.

మొదట వెళ్లింది ఒక పెద్ద సర్వీసు సెంటరుకి. నేను చేరేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంది, చప్పుడు రాలేదు. ఫోనులో తీసిన వీడియో పూర్తిగా వినకుండానే టైమింగ్ చెయిన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు) కిట్టు మార్చాలని 19,500 రూపాయల ఎస్టిమేటు చేతిలో పెట్టారు. చాలా బాధేసింది. డబ్బు ఒక్కటే కాదు, అసలు చప్పుడే వినకుండా అంత మాట ఎలా అన్నారా అని.

ఈ మేస్త్రి గారు బానెట్ ఎత్తకముందే అడిగారు: "తాళం తిప్పుతుండగా వస్తోందా అమ్మా, ఇంజిన్ అందుకున్నాకా?" తిప్పుతుండగా వస్తే ముందు స్టార్టరు మోటారు చూడాలట. అందుకున్నాక వచ్చి సెకన్లలో పోతే ఆయిలు సరిగ్గా పైకి అందుతోందా అన్నది చూడాలట. "సాయంత్రం బండి ఇక్కడే వదిలెళ్లండి. చల్లారిన ఇంజిన్ నేను వినాలి" అన్నారు.

మర్నాడు ఏడున్నరకి నన్నూ రమ్మన్నారు. స్టార్టు చేసే ముందే, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరునీ వాటర్ పంపునీ తిప్పే బెల్టు ఊడదీశారు. బెల్టు లేకపోయినా అదే గలగల! అంటే ఆల్టర్నేటరు, వాటర్ పంపు బేరింగుల తప్పు కాదన్నమాట. పొడవాటి స్క్రూడ్రైవరు కొన టైమింగ్ కవరుకి, పిడి చెవికి ఆనించి విన్నారు, పది సెకన్లలో ఇంజిన్ ఆపేశారు. నేను సైన్సు టీచర్ని. ప్రయోగంలో ఒక్కొక్కటే పక్కకు తీసి చూడండని పిల్లలకు చెబుతుంటాను. ఆ పని గ్రీజు చేతులతో ఇంత శ్రద్ధగా చేస్తుంటే చూసి మనసు నిండింది.

తర్వాత పాత బిల్లు అడిగారు. మొన్నటి ఆయిలు మార్పిడి రోడ్డు పక్క షాపులో చేయించాను, అక్కడ 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిలు పోశారు. నా బండి మాన్యువల్లో ఉన్నది అంతకన్నా పల్చటి 5డబ్ల్యూ-30. వాళ్లు బిగించిన ఫిల్టరుని ఈయన కోసి చూపించారు. లోపలి రబ్బరు వాల్వు బిరుసెక్కిపోయింది. ఇంజిన్ ఆపాక ఫిల్టర్లోని ఆయిలు వెనక్కి జారకుండా ఆపేది ఆ వాల్వే. అది పట్టకపోతే రాత్రికి ఆయిలంతా కిందికి దిగిపోతుంది. చెయిన్‌ని బిగించి పట్టే టెన్షనరు ఆయిలు ఒత్తిడితోనే పనిచేస్తుంది కాబట్టి, పొద్దున ఆ ఒత్తిడి అందేదాకా చెయిన్ వదులుగా కొట్టుకుంటుంది. చిక్కటి ఆయిలైతే చలిలో ఇంకా ఆలస్యం.

కంపెనీ ఫిల్టరు, సరైన ఆయిలు, కూలీ 400 కలిపి 2,340 అయింది. "మూడు పొద్దులు విని చెప్పండమ్మా. తగ్గకపోతే అప్పుడు కవరు విప్పి చెయిన్ సాగిందేమో చూద్దాం" అన్నారు. మొదటి రోజు ఒక సెకను వినిపించింది. మూడో రోజుకి పూర్తిగా పోయింది.

ఇబ్బందులూ చెప్పాలి. కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది. కార్డు తీసుకోరు, ఫోన్ పే ఉంది. పని అయిపోయినా ఫోన్ చేసి చెప్పరు, మనమే కనుక్కోవాలి. ఆడవాళ్లం వెళ్తే మాత్రం పక్కనున్న మగవాళ్లతో కాకుండా మనతోనే మాట్లాడతారు, అది నాకు చాలా నచ్చింది.

పొద్దుటి చప్పుడు కోసమైతే ముందురోజు సాయంత్రమే బండి వదలండి. స్టార్టు చేశాక కూడా డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిలు దీపం ఆరకపోతే అక్కడిదాకా నడపొద్దు, వెంటనే ఆపేసి ఆయనకి ఫోన్ చేయండి.

ఆల్టర్నేటరు బెల్టు మీద సన్నటి పగుళ్లున్నాయని, ఉగాది దాకా తిరుగుతుందని చెప్పారు. దానికీ ఇక్కడికే వెళ్తాను.