లింకు డాక్యుమెంట్లు లేని వంశవృక్షానికి 450 డాలర్లు

మా అల్లుడి తల్లి అమెరికన్. ఆవిడని నేను వదినగారూ అనే పిలుస్తాను. ఆవిడ ఒక వంశవృక్షం కోసం 450 డాలర్లు పోగొట్టుకున్నారు. ఇంకొకరు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

వాళ్ళ పూర్వీకులు 1852లో ఎడ్లబండ్ల మీద మిస్సోరీ నుంచి అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్ వచ్చారు. దాదాపు రెండు వేల మైళ్ళ దారి. ఆ దారినే వెనక్కి పట్టుకుని ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నుంచి ఇండియానా దాకా వెళ్ళాలని ఆవిడ కోరిక. కారు నడిపింది మా అమ్మాయి. బయల్దేరే ముందే ఆవిడ ఒక పరిశోధకుడికి డబ్బు కట్టి వంశవృక్షం చేయించుకున్నారు. బంగారు అంచు కాగితం, పది తరాల పేర్లు. నేను ఇరవై తొమ్మిదేళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేశాను. "ఈయన కొడుకే ఆయన అని చెప్పే కాగితం ఏది వదినగారూ?" అని అడిగాను. ఒక్క తరానికీ లింకు డాక్యుమెంట్ లేదు. ఆవిడ నొచ్చుకున్నారు. ఐడహో దాటేదాకా నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

సాల్ట్ లేక్ సిటీలోని ఫ్యామిలీసెర్చ్ లైబ్రరీలో సంగతి తేలింది. అది వంశచరిత్రల లైబ్రరీ. అక్కడ ప్రవేశం ఉచితం, సాయమూ ఉచితమే. వలంటీరుగా ఉన్న ఒక పెద్దాయన మూడు గంటలు మా పక్కనే కూర్చున్నాడు. అమెరికా జనాభా లెక్కల్లో బానిసలు కాని ప్రతి మనిషి పేరూ రాయడం 1850లోనే మొదలైందట. అంతకు ముందు ఇంటి పెద్ద పేరు ఒక్కటే, మిగతావాళ్ళంతా అంకెలు. 1850 పట్టికలో పుట్టిన రాష్ట్రం అనే గడి ఉంటుంది. అది చదివితే కుటుంబం నడిచిన దారి కనిపిస్తుంది. వీళ్ళ పెద్దకొడుకు ఇండియానాలో పుట్టాడు, తర్వాతి ఇద్దరు ఇల్లినాయ్‌లో, చంటిది మిస్సోరీలో. 1860 పట్టికలో కడగొట్టు పిల్ల పుట్టిన చోటు ఒరెగాన్. పరిశోధకుడు అంటగట్టిన మనిషికీ వీళ్ళ పూర్వీకుడి పేరే, అదే వయసు. కానీ అతను 1850లోనూ 1860లోనూ టెనెస్సీలోనే ఉన్నాడు! పేరు కలిసింది కదా అని తెచ్చి అతికించేశారు. వదినగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ పెద్దాయనే ఒరెగాన్ భూముల ఫైలు తీయించాడు. 1850 నాటి డొనేషన్ లాండ్ క్లెయిమ్ చట్టం ప్రకారం, ఆ ఏడాది డిసెంబరు తర్వాత వచ్చిన దంపతులకి 320 ఎకరాలు ఇచ్చారు. అందులో సగం భార్య పేరు మీదే. అందుకని పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా ఫైల్లో రాయించేవాళ్ళు. ఆడమనిషి ఆనవాలు దొరకాలంటే ముందు భూమి కాగితాలు చూడండి, నా మాట నమ్మండి. ఇంకో మాటా చెప్పాలి. అక్కడి తెగలతో ఒప్పందాలు కుదరకముందే అమెరికన్ కాంగ్రెస్ ఆ భూమిని పంచేసింది. అది విన్నాక వదినగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వయోమింగ్‌లో ఇండిపెండెన్స్ రాక్ చూశాం, టికెట్టు లేదు. జూలై 4 లోపు ఆ రాయి దగ్గరికి చేరకపోతే ముందు దారిలో మంచులో చిక్కుకుంటామని బండ్లవాళ్ళకి టెన్షన్. చేరినవాళ్ళు రాతి మీద పేర్లు చెక్కుకున్నారు. రెండు గంటలు వెతికినా వదినగారి వాళ్ళ పేరు దొరకలేదు. ఆ రాత్రి దిగిన మోటెల్ మాత్రం మర్చిపోలేను. బుక్ చేసినప్పుడు 84 డాలర్లు, కార్డు గీకాక 131. క్లీనింగ్ ఫీజు అన్నారు. గది నిండా సిగరెట్ కంపు, దుప్పటి మీద వెంట్రుకలు. మా అమ్మాయి వెళ్ళి అడిగితే కౌంటర్‌లో కుర్రాడు తలైనా ఎత్తలేదు. అడ్వాన్స్ కట్టకుండా, గది చూశాకే దిగండి.

నెబ్రాస్కా రెండు రోజుల్లో దాటేశాం. మిస్సోరీలోని ఇండిపెండెన్స్ ఊళ్ళో మిడ్‌వెస్ట్ జీనియాలజీ సెంటర్ అనే వంశచరిత్రల లైబ్రరీ కూడా ఉచితమే, ఒక పూటైనా ఆగండి.

చివరికి ఇండియానాలో కౌంటీ కోర్టు. భూమి ఫైల్లో ఉన్న తేదీ చెప్పగానే క్లర్కమ్మ 1838 పెళ్ళిళ్ళ రిజిస్టరు తెచ్చి మా ముందు పెట్టింది. పెళ్ళికూతురు మైనరు కాబట్టి తండ్రి ఒప్పుకున్నట్టు రాసి ఉంది, ఆయన ఇంటిపేరుతో సహా. ఆ ముత్తవ్వ పుట్టింటి పేరు వదినగారికి తెలియడం అదే మొదలు. కాపీకి తీసుకున్నది 2 డాలర్లు.

వదినగారు అక్కడే బల్ల మీద ఆ బంగారు అంచు కాగితం పరిచి, టెనెస్సీ ఆయన పేరు కొట్టేశారు. పక్కన ముత్తవ్వ పేరు పుట్టింటి పేరుతో రాసి, పెన్ను నా చేతికిచ్చి, రిజిస్టరు నంబరూ పేజీ నంబరూ నన్నే వేయమన్నారు.