గీజరా, సోలారా? ముందు పైపు పొడవు కొలవండి

కార్తీకం మొదలైతే చాలు, వేన్నీళ్లకి కరెంటు గీజర్ పెట్టించాలా, సోలార్ హీటర్ పెట్టించాలా అని అడిగేవాళ్లు పెరుగుతారు. విజయనగరంలో నీళ్లు గడ్డకట్టి పైపులు పగిలే బాధ లేదు. తెల్లవారుజామున జివ్వుమనే చన్నీళ్లతోనే మన పేచీ అంతా.

ధర, కరెంటు బిల్లు అందరూ లెక్కేస్తారు. నేను మాత్రం డాబా మీది సోలార్ ట్యాంకు నుంచి బాత్రూమ్ కుళాయి దాకా పైపు ఎంత పొడవుందో ముందు అడుగుతాను. ముప్పావు అంగుళం పైపులో మీటరుకి దాదాపు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. పదిహేను మీటర్లుంటే నాలుగు లీటర్ల చన్నీళ్లు పోయాకే వేన్నీళ్లు వస్తాయి. పైపుకి నల్ల ఫోమ్ తొడిగితే పగటిపూట మేలే కానీ, రాత్రంతా కదలకుండా నిలిచిన నీళ్లు తెల్లారేసరికి చల్లబడకుండా ఆపలేదు. ఇంట్లో ఐదారుగురు వరసగా స్నానం చేస్తే ఆ నష్టం ఒక్కసారితో సరి. ఇద్దరే ఉండి, ఒకరు ఆరింటికి, ఇంకొకరు తొమ్మిదింటికి చేస్తే రెండుసార్లూ పారబోయాల్సిందే. ఆ చన్నీళ్లు బకెట్లో పట్టుకుంటే మొక్కలకి పనికొస్తాయనుకోండి, అది వేరే సంగతి.

అందుకే కింది అంతస్తు బాత్రూమ్‌కి నేను 15 లీటర్ల గీజరే పెట్టించాను. కుళాయి పక్కనే ఉంటుంది, ఒక్కసారి కాగడానికి అర యూనిట్‌కి కాస్త పైన కాలుతుంది. బాత్రూమ్ సరిగ్గా డాబా కిందే ఉండి, ఇంట్లో జనం ఎక్కువైతే సోలార్‌కే నా ఓటు. కాకపోతే శ్రీకాకుళం వైపు 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుని గుర్తుంచుకుని, సోలార్ స్టాండుని శ్లాబుకి బోల్టులతో గట్టిగా బిగించమనండి. తుపాను తర్వాత కరెంటు లేకపోయినా, పైట్యాంకులో నీళ్లుండి ఎండ కాస్తే వేన్నీళ్లు వస్తాయి. గీజర్‌కి ఆ వీలు లేదు.

ఏది పెట్టినా వేన్నీళ్ల లైను మామూలు పీవీసీతో వేయనివ్వకండి, వేడికి మెత్తబడి జాయింట్లు వదులుతాయి. సీపీవీసీ అయితే 90 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. లోపలి ఒత్తిడిని బయటికి వదిలే గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి బొట్లు పడుతున్నాయని దాన్ని బిరడాతో మూసేసేవాళ్లున్నారు, అది ప్రమాదం.

గ్యాస్ గీజర్ గాలి ఆడని బాత్రూమ్‌లో వద్దే వద్దు, విషవాయువు నిండుతుంది. ఇక రాడ్డంటారా, అద్దె ఇంట్లో ఒక సీజన్‌కి సరే. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకేయండి.