హామిల్టన్ గ్రేంజ్ చూడబోయేవారికి

అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1802లో కట్టించుకున్న ఇల్లు ఇది. న్యూయార్క్ హార్లెంలో, సెయింట్ నికోలస్ పార్కు అంచున, పశ్చిమ 141వ వీధిలో ఉంది. ప్రవేశం ఉచితం. సబ్‌వేలో ఏ, బీ, సీ, డీ రైళ్లు ఎక్కి 145వ వీధి స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు.

ముందు కింది అంతస్తులోని ప్రదర్శన చూడండి, తర్వాతే మెట్లెక్కండి. ఆ వరస తప్పితే పైన ఉన్నది ఉత్త పాత సామానులాగే అనిపిస్తుంది. అష్టభుజాకారపు హాలు, భోజనాల గది అసలైన ఆకర్షణ. పెద్ద కిటికీలతో వాటిని మలిచిన వాస్తుశిల్పి జాన్ మెకాంబ్. సామానులో చాలావరకు నకళ్లే, పియానో మాత్రం ఆ కుటుంబానిదే.

ఈ ఇంటిని రెండుసార్లు చోటు మార్చారు. 1889లో కాన్వెంట్ అవెన్యూకి జరిపినప్పుడు వరండాలు పోయాయి, గుమ్మం మారింది. 2008లో పక్క చర్చి ముంగిలి మీదుగా ఇంటిని మొత్తంగా పైకెత్తి ఇక్కడికి తెచ్చారు; మరమ్మతులయ్యాక 2011లో తెరిచారు. వరండాలు తిరిగొచ్చాయి, చాలా గొప్ప పని. కానీ నైరుతి ముఖపు ఇల్లు ఇప్పుడు ఈశాన్యానికి తిరిగింది. హామిల్టన్ చూసిన వెలుతురు ఈ గదుల్లో లేదు, అదే నిజమైన లోటు.

పడకగదుల అంతస్తు సందర్శకులకు తెరవరు. హామిల్టన్ పట్టుబట్టి సాధించిన రెండు పనుల గురించి, అంటే 1790లో రాష్ట్రాల స్వాతంత్ర్య యుద్ధరుణాలను కేంద్రం నెత్తికెత్తుకున్న కథ, 1791 నాటి జాతీయ బ్యాంకు గురించి, కాస్త చదువుకుని వెళ్లండి. తెరిచే రోజులు మారుతుంటాయి, బయల్దేరే ముందు సరిచూసుకోండి.