ఆటుపోట్ల నదిలో జెల్లల వేట: వెనక మీట ఉన్న రీలుతో నా అనుభవం

ఈ రీలు నాకు నచ్చింది ఒకే ఒక్క సంగతికి. వెనక ఉన్న చిన్న మీటను తిప్పితే, దారం చుట్టి ఉండే స్పూలు వదులై, చేప లాగినంత దారం ఇస్తుంది. హ్యాండిల్ కొంచెం తిప్పగానే టక్కుమని అసలు డ్రాగ్, అంటే దారం సులువుగా పోకుండా ఆపే బ్రేకు, పట్టుకుంటుంది. బేరింగులు ఎన్ని, గేరు నిష్పత్తి ఎంత, దారం ఎన్ని మీటర్లు పడుతుంది అన్నవి పెట్టె మీదే అచ్చు వేసి ఉంటాయి. ఇన్నేళ్ల వాడకంలో వాటిని నేను పట్టించుకున్నది లేదు.

స్నేహితులం కలిసి వారాంతాల్లో, పోటు నీరు వచ్చిపోయే నది ఒడ్డున జెల్లల కోసం కూర్చుంటాం. రాడ్లు స్టాండులో ఉంటాయి, మేం కబుర్లలో ఉంటాం. ఇలాంటి వేటకు మామూలు రీలుతో చిక్కే. డ్రాగ్ బిగించి ఉంచితే పెద్ద జెల్ల ఎరతోపాటు రాడ్‌నూ నీళ్లలోకి ఈడ్చుకుపోతుంది. వదులుగా ఉంచితే, మనం లేచి వెళ్లి బిగించేలోపు అది ఏ మునిగిన దుంగ కిందికో దూరుతుంది. మీట ఈ రెండు బాధలనూ తీర్చింది. దీనికి సర్కిల్ గాలం జతచేస్తే మరీ హాయి. ఆ గాలం మొన కాడ వైపుకు వంగి ఉంటుంది. చేప ఎర అందుకుని పక్కకు తిరిగినప్పుడు జారి వచ్చి దవడ మూలన గుచ్చుకుంటుంది. రాడ్‌ను గట్టిగా గుంజితే ఎర నోట్లోంచి ఊడివస్తుంది కాబట్టి తొందరపడే పనే లేదు. స్పూలు కిరకిర వినబడితే, చెబుతున్న మాట ముగించుకుని లేచి హ్యాండిల్ తిప్పడమే.

కొత్తలో దీన్ని ఒకసారి సర్ది వదిలేస్తే చాలని అందరికీ చెప్పేవాణ్ణి. చెరువు వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే. ఆటుపోట్ల నదిలో మాత్రం, చాలా చోట్ల దాదాపు ప్రతి ఆరు గంటలకోసారి నీరు దిశ మారుస్తుంది. పోటు నిలిచిన కాసేపు, మీట వేసినప్పుడు స్పూలు ఎంత వదులుగా తిరగాలో సర్దే వెనక మరను దాదాపు పూర్తిగా వదులు చేసినా ఏమీ కాదు. పాటు, అంటే నీరు వెనక్కి తీయడం, మొదలై వడి పెరిగేకొద్దీ ప్రవాహమే దారాన్ని లాగుతుంది. స్పూలు మోగుతుంది, అందరం పరుగెత్తుతాం, చేప ఉండదు. కొట్టుకొచ్చిన గడ్డి దారానికి చుట్టుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. అష్టమి ముందు వెనకల నీరు కొంత నెమ్మది గానీ, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో గంటకు రెండు మూడుసార్లు మర సర్దాల్సిందే. మరీ బిగిస్తే బిగువు తెలిసి చిన్న జెల్లలు ఎర వదిలేస్తాయి. పోనీ నీరు నిలిచినప్పుడే వేటాడదామా అంటే, జెల్ల మీసాలతో వాసన, రుచి పట్టి వచ్చే చేప. నీరు కదిలితేనే ఎర వాసన దూరం పోతుంది. అంటే మీటకు కష్టకాలమే మాకు మంచికాలం. మందపు నైలాను దారం తీసేసి సన్నటి అల్లిక దారం వేశాక నీటి లాగుడు తగ్గి కొంత నయమైంది.

ఇక మీట మొరాయించిన రాత్రి సంగతి. పౌర్ణమి మర్నాడు, పాటు మంచి వడిలో ఉంది. స్పూలు మోగింది. గడ్డి లాగినట్టు ఒకే తీరుగా కాకుండా, ఆగి ఆగి పరుగెత్తే మోత. వెళ్లి హ్యాండిల్ తిప్పాను. టక్కుమనలేదు. మళ్లీ తిప్పాను. హ్యాండిల్ తిరుగుతోంది, దారం మాత్రం బయటికే పోతోంది. మీటను వేలితో ముందుకు తోస్తే మెత్తగా వచ్చి, వదలగానే వెనక్కి పడింది. ‘దారం చేత్తో పట్టుకోరా’ అని ఒకడు అరిచాడు. బరువు మీదున్న అల్లిక దారాన్ని ఉత్త చేత్తో పట్టుకుంటే వేళ్లు తెగుతాయి. ఆ సలహా ఇచ్చినవాడు తన చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యలేదు. మిగిలిన దారి ఒకటే. అరచేతిని స్పూలు అంచుకు అదిమి రాడ్‌ను పైకెత్తాలి, దించుతూ ఆ వదులునంతా గబగబా చుట్టుకోవాలి. అదమాల్సిందీ చుట్టాల్సిందీ ఒకే చెయ్యి. చెయ్యి మారిన ప్రతిసారీ జెల్ల తన వాటా దారం తాను తీసుకునేది. మిగతావాళ్లు తమ గాలాలు పైకి తీసేసి, తలా ఒక సలహా ఇస్తూ నిలబడ్డారు. చివరికి అది చేతి వలలో పడింది గానీ పని అయిపోలేదు. జెల్లకు వీపు మీద ఒకటి, పక్క రెక్కలకు చెరొకటి గట్టి ముళ్లుంటాయి. బెదిరితే వాటిని నిటారుగా నిలిపి, తాళం వేసినట్టు బిగించేస్తుంది. గుచ్చుకుంటే సలుపు తొందరగా పోదు. చేపను పట్టడానికి పట్టిన సమయం కంటే వల నుంచి ఆ ముళ్లు విడిపించడానికే ఎక్కువ పట్టింది.

ఇంటికి వచ్చి వెనక మూత విప్పబోతే, ఆ స్క్రూలకు మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. సరైనది సంపాదించి తెరిచాక కారణం కనబడింది. మీటను నిలబెట్టే స్ప్రింగు చుట్టూ గ్రీజు, ఒండ్రు, ఉప్పు కలిసి ముద్దకట్టాయి. రీలుతో ఇచ్చిన కాగితంలో ముందు వైపున్న డ్రాగ్ శుభ్రం చేసే విధానం బొమ్మలతో సహా ఉంది, ఈ మీట గురించి ఒక్క ముక్క లేదు. ఏ పేరు చెప్పి రీలు అమ్ముతున్నారో దాని గురించే రాయకపోవడం మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఇప్పుడు ఉప్పునీటి నుంచి వచ్చిన ప్రతిసారీ డ్రాగ్ బిగించి, పైపుతో కొట్టకుండా మంచినీళ్లు మెల్లగా పోసి కడుగుతాను. జోరుగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి, మీట కీలు దగ్గర ఒక చుక్క నూనె వేస్తాను. అప్పటి నుంచి మొరాయించలేదు, కానీ టక్కు శబ్దం కొత్తలో ఉన్నంత ఖణీగా లేదు.

కొనమంటారా అని అడిగితే, మాలా రాడ్లు నిలబెట్టి కబుర్లలో పడేవాళ్లకు సరే అంటాను. రాడ్ చేతిలోంచి దించని మా స్నేహితుడికి ఈ మీట ఉన్నా లేనట్టే, అదనపు బరువు తప్ప. లంగరు వేసిన పడవలోంచి, నడినదిలో పెద్ద సీసం గుండ్లు వేయాల్సిన రోజున నేనూ దీన్ని పక్కన పెట్టి, స్పూలే డ్రమ్ములా తిరిగి దారం చుట్టుకునే అతని డ్రమ్ము రీలే అడుగుతాను. నా రెండో రాడ్‌కు మాత్రం మళ్లీ మీట రీలే చూస్తున్నాను, వెనక మూత మామూలు స్క్రూడ్రైవర్‌తో ఊడేది దొరికితే.